ముందే బయలుదేరిన సీట్లు

బియ్యం మూట కారు ముందు సీట్లో కుదేసి, జంతికల డబ్బా దాని పక్కన ఇరికించి, పిల్లల సీట్లు తెద్దామని చెంచురామయ్య వరండాలోకి వచ్చాడు. సీట్లు లేవు. మంచం కింద వంగి చూశాడు. యూరియా బస్తాల వెనక చూశాడు. పరదాలు చుట్టి పెట్టిన మూల చూశాడు. కనపడకుండా పోవడానికి అవేమన్నా సూదులా. ఒక్కొక్కటి కూర్చునే పీటకు పెద్దన్నలా ఉంటుంది. ఎత్తు వీపు, రెండు పక్కలా చేతులు, ఎర్రగుడ్డ తొడుగు. అలాంటివి రెండు.

వంటింట్లో భార్య సుబ్బరత్నం పచ్చడి జాడీ మూతికి గుడ్డ కడుతోంది. సీట్లేవని అడిగాడు. ఆమె ముడి వెయ్యడం ఆపకుండానే, అవి సోమవారమే బయలుదేరాయంది.

ఆ మాట బుర్రకెక్కడానికి కాస్త టైము పట్టింది. ఎక్కాక గడపలోనే నిలబడిపోయాడు.

ప్రస్థానం పెట్టింది. ఆ ఇంట్లో ఎవరు ఊరు కదలాలన్నా ఆమె పంచాంగం చూడాల్సిందే. వెళ్ళాల్సిన రోజు మంచిది కాకపోతే, దానికి ముందు మంచి ఘడియ ఎప్పుడుందో చూసి, ఆ వేళకు ప్రయాణం చేసేవాళ్ళ సామాను ఒకటి పొలిమేర దాటించి, పోవాల్సిన దిక్కున ఎవరింట్లోనో పెట్టిస్తుంది. దాంతో మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు, వర్జ్యం ఒక్కటి తప్పించుకుంటే చాలు. అతను సారపాక కాగితం మిల్లుకు వెదురు లారీ తోలిన కాలంలో అతనికన్నా ముందు అతని తువాలు ఎన్ని ఊర్లు తిరిగిందో. తోటి లారీవాళ్ళు నవ్వేవాళ్ళు. తువాలే గదా అని అతనూ ఊరుకునేవాడు.

ఈసారి పిల్లలు బుధవారం పోవాలి, గురువారం బడి. బుధవారం ఘడియ బాగాలేదు. మంగళవారం ఆడపిల్లను పంపరు. సోమవారం సాయంత్రం బ్రహ్మాండంగా ఉంది. అతను మిరపతోటలో ఉన్నప్పుడు ద్వాలి ఆటో అటు పోతుంటే ఆపి, సీట్లు రెండూ ఎక్కించి, అడవి మలుపు అవతలి తండాలో రూప్లి ఇంట్లో పెట్టించింది. రూప్లి వాళ్ళ తోటకు కూలికొచ్చే మనిషే. ద్వాలి ఆమె పెనిమిటి.

గుడ్డలు పంపకూడదా, చెప్పులు పంపకూడదా అన్నాడు చెంచురామయ్య. గుడ్డలు ఉతకాల్సినవి ఉన్నాయట. చెప్పులు పిల్లలు వేసుకు తిరుగుతున్నారట. సీట్లయితే ప్రయాణం నాటి దాకా ఎవరికీ అక్కర్లేదు, పైగా వరండాలో కాళ్ళకు అడ్డం.

"అవి పిల్లల ప్రయాణపు సామానే గదయ్యా," అంది. "నేనేం తప్పు చేశాను?"

చెంచురామయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కావాలనే పంపిందేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆ సీట్లంటే ఆమెకు ముందు నుంచీ కిట్టదు.

కిట్టకపోవడానికి కారణం లేకపోలేదు. పోయిన ఎండాకాలం మనవడు శబరీష్ ఆమె ఒళ్ళో కూర్చుని ముందు సీట్లో వస్తున్నాడు. బండి చెంచురామయ్యే తోలుతున్నాడు. అడవి మలుపులో లేగదూడ అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. పెద్ద వేగమేం కాదు. దూడకు ఏమీ కాలేదు. పిల్లాడు మాత్రం ఒళ్ళోంచి చేప జారినట్టు జారి ముందరి డ్యాష్‌బోర్డుకు కొట్టుకున్నాడు. గడ్డం చిట్లింది. పాల్వంచ దవాఖానాలో కుట్లు పడ్డాయి.

కోడలు సుజన భద్రాచలంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కొడుకు అనిల్‌కుమార్‌కు సారపాక మిల్లులో షిఫ్టు డ్యూటీ. కాపురం సారపాకలో. ఆ రోజు సుజన వచ్చి పిల్లాడి గడ్డం చూసింది, కట్టు సరిచేసింది, అత్తనూ మామనూ ఒక్క మాట అనలేదు. అరిచినా బాగుండేదని చెంచురామయ్య చాలాసార్లు అనుకున్నాడు. ఆ తర్వాత పిల్లలు తాత ఊరు ములకలపల్లి రాలేదు. ఒక పండక్కి పరీక్షలన్నారు, ఒక పండక్కి జలుబన్నారు. చివరికి ఈ దసరా సెలవులకు, పిల్లల్ని తెచ్చుకోవడానికి తాత బండేసుకుని పోతే, సుజన ఇంట్లోంచి రెండు అట్టపెట్టెలు తెచ్చింది. తన జీతంలో కొన్న సీట్లు. వాటిని వెనక సీట్లో పెట్టి, పిల్లల్ని కూర్చోబెట్టి, నిదానంగా చెప్పింది. నడుము బెల్టు పొట్ట మీద కాదు, తొడల మీద పడాలి. భుజం బెల్టు మెడకు తగలకూడదు. టక్ మని వినపడాలి. చివరికి ఇంకో మాట చెప్పింది.

"వీటిల్లో కూసోకుండ పిల్లలు బండిలో ఒక్క అడుగు కూడ కదలొద్దు, మామయ్యా. కదిలిన్రంటే ఇగ నన్ను అడగకుండ్రి."

ఇగ అడగకుండ్రి అంటే ఏమిటో విప్పి చెప్పక్కర్లేదు. ఇదే ఆఖరు రావడం అవుతుంది. పిల్లలతో పాటు సీట్లు కూడా తెచ్చి తనకు అప్పజెప్పమని కూడా చెప్పింది. మళ్ళీ ఇచ్చేదీ ఇవ్వనిదీ ఆమె చేతిలోనే ఉంటుందన్న మాట.

వరండా మెట్టు మీద భవాని కూర్చుని కాళ్ళాడిస్తోంది. ఏడేళ్ళది. తల్లి పోలిక. అన్నీ వింటుంది, ఏదీ మరిచిపోదు. తమ్ముడు శబరీష్ పక్కన కోడిని పట్టుకుని కూర్చున్నాడు. ఆ కోడి కూడా సారపాక రావాల్సిందే.

చెంచురామయ్య ఆలోచించాడు. తను ఒక్కడే పోయి సీట్లు తెస్తే అరగంట పని. ఆ మాటే అన్నాడు.

సుబ్బరత్నం జాడీ కింద పెట్టింది. పెట్టిన ప్రస్థానాన్ని ఎవరైనా ఇంటికి తిరిగి తెస్తారా అంది. అది తిరిగొచ్చిందంటే ప్రయాణం చెడిందనే. మళ్ళీ అమావాస్య పోయేదాకా ఘడియ లేదు, బడి ఎగ్గొడతారా. అయినా మొన్న ఎండాకాలం తొందరలో ఘడియ చూడకుండా బయలుదేరబట్టే పిల్లాడికి అలా అయింది, ఈసారి మాత్రం తను ఒప్పుకోదు అంది. చివరి మాట అనేప్పుడు ఆమె తన ఒడి వైపు చూసుకుంది. అందుకే అతను ఆ మాట వదిలేశాడు. ఆ దెబ్బ పిల్లాడు ఆమె ఒళ్ళో ఉండగానే తగిలింది. తప్పు ఒడిది కాదు, ఘడియదని ఆమె ఎలాగోలా నమ్ముకోవాలి.

సరే, పిల్లల్నే బండిలో ఎక్కించుకుని మెల్లగా తండా దాకా పోయి, అక్కడ సీట్లు పెట్టుకుందామన్నాడు. సుబ్బరత్నం తలూపింది.

"అమ్మ ఒక్క అడుగు కూడ అన్నది, తాతా," అంది భవాని.

"నాలుగు మైళ్ళే బిడ్డా. నడిచినట్టే తోల్త."

"నాలుగు మైళ్ళంటే ఎన్ని అడుగులు?"

చెంచురామయ్య చదివింది మూడో తరగతి. ఆ లెక్క అతనికి రాదు. వచ్చినా చెప్పి లాభం లేదు.

అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. సుజన. అతను తీసేలోపే భవాని లాక్కుని మాట్లాడింది. ఇంకా బయలుదేరలేదని చెప్పింది. ఎందుకని తల్లి అడిగినట్టుంది.

"సీట్లు మాకన్నా ముందే పోయినయమ్మా," అంది పిల్ల. "సోమవారమే."

సుబ్బరత్నం కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఫోను అతని చేతికొచ్చింది. అవతల ఆసుపత్రిలో ఎవరో ఎవరినో పిలుస్తున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. చెంచురామయ్యకు మాట ఎప్పుడూ లోపలే ఇరుక్కుంటుంది. బలవంతాన బయటికి లాగాడు.

"సీట్లు లేకుండ పిల్లల్ని ఎక్కియ్య. నా మాట."

"చూద్దాం మామయ్యా," అంది సుజన. పెట్టేసింది.

చూద్దాం. ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది అతనికి.

ఒకరికేమో సీట్లు ఇంటికి రాకూడదు. ఇంకొకరికేమో పిల్లలు సీట్లు లేకుండా ఇల్లు కదలకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో పదిన్నరకు వర్జ్యం. ముదురు వెదురు లోడును వాగులోంచి పైకి లాగినప్పుడు కూడా అతనికి ఇంత చిరాకు రాలేదు. అక్కడ బండి ఒక్కటే మొరాయించేది. ఇక్కడ ఇంటిల్లిపాదీ.

కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తిరిగి వచ్చి భార్యను అడిగాడు, ప్రస్థానం ఇంటికి రాకూడదా, ఊళ్ళోకి రాకూడదా అని. ఆమె ఆలోచించి, పొలిమేర దాటి లోపలికి రాకూడదంది. పొలిమేర అంటే వాగు మీది కల్వర్టే గదా అన్నాడు. అవునంది.

"అయితే మీరు కల్వర్టు దాక నడువుండ్రి. నేను అవి కల్వర్టు దాక తెస్త."

సుబ్బరత్నం అతని మొహం చూసింది. ఇందులో దోషం ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు చూసింది. దొరకలేదు. భవాని మెట్టు దిగి చెప్పులేసుకుంది. నడిస్తే అమ్మ ఏమీ అనదని ఆ పిల్ల తీర్పు.

పచ్చడి జాడీని కూడా ముందు సీట్లో సర్ది అతను కారు తీశాడు. పాత కారు, గ్యాసుతో నడిచేది, డిక్కీ నిండా సిలిండరు, అందుకే సామానంతా ముందు సీట్లో. అడవి రోడ్డు మీద టేకు ఆకులు రాలి ఉన్నాయి. మలుపు దగ్గర అలవాటుగా కాలు బ్రేకు మీదికి పోయింది. అడ్డం ఏమీ లేదు. అయినా పోయింది. ఆ ఎండాకాలం నుంచి అంతే.

రూప్లి ఇంట్లోకి అడుగుపెడితే సీట్లు గాలిలో ఉన్నాయి. దూలానికి తాడు కట్టి రెండిటినీ వేలాడదీసింది. వాటి కింద చీర ఉయ్యాల్లో పసిబిడ్డ నిద్రపోతోంది.

"అక్క నేల మీద పెట్టొద్దన్నది. మేకలు గుడ్డ కొరుకుతయి. గందుకే పైన కట్టిన," అంది రూప్లి గుసగుసగా. బిడ్డ రాత్రంతా ఏడ్చి ఇప్పుడే పడుకుందట, లేపావంటే నువ్వే ఎత్తుకోవాలంది.

అతను స్టూలెక్కి ముడి విప్పబోయాడు. తడితాడు ఎండి బిగుసుకుపోయింది. జన్మంతా వెదురు లోడ్లకు తాళ్ళు బిగించిన వేళ్ళు, ఈ ముడి దగ్గర చేతులెత్తేశాయి. తాడు కోస్తానంటే రూప్లి ఒప్పుకోలేదు, మేకది. చివరికి ఆమే స్టూలెక్కి పళ్ళతో లాగి ఊడదీసింది. సీటు ఊగి అతని చెవికి తగిలింది. చెంచురామయ్య నోటి దాకా వచ్చిన మాటను పసిబిడ్డ కోసం మింగాడు.

బయటికి తెస్తుంటే రూప్లికి అనుమానం వచ్చింది. కారు ఊరి వైపు తిప్పి ఉంది.

"ఎనుకకు తీస్కపోతున్నవా అన్నా? గది తప్పు గదా?"

"పొలిమేర దాటియ్య."

రూప్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తన ఇంటాయన ఆటోలో కూలోళ్ళు, వాళ్ళ పిల్లలు, సద్దిమూటలు అన్నీ ఒక్కదాంట్లోనే పోతాయి, పిల్లలు ఎవరి ఒళ్ళో ఉంటారో దిగేదాకా తెలియదు అంది. నవ్వుతూనే అంది. తర్వాత సీటు చేతిని ఒకసారి నొక్కి చూసి, గట్టిగానే ఉన్నాయి అంది. అతనూ ఒకప్పుడు వెదురు లోడు మీద మనుషుల్ని ఎక్కించుకుని వచ్చినవాడే. ఊఁ అని బండెక్కాడు.

కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళు ఇంకా దారిలో ఉన్నారు. సుబ్బరత్నం చంకలో శబరీష్, శబరీష్ చంకలో కోడి. నడవమంటే పిల్లాడు పది బారలు నడిచి కూర్చున్నాడట. ఆమె రొప్పుతోంది. భవాని ముందు నడుస్తూ కల్వర్టు గోడ దాటి ఆగింది. సీట్లు పొలిమేర అవతలే ఉన్నాయని చూసుకుని గానీ సుబ్బరత్నం అడుగు వెయ్యలేదు.

అసలు పని అక్కడ మొదలైంది.

అతను కారును రోడ్డు పక్కకు దించి ఆపాడు. రెండు చక్రాలు దిగువన, రెండు పైన. వెనక సీట్లో ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి సీట్లు పెట్టాడు. మధ్యలో సుబ్బరత్నం. ముందు మూటలున్నాయి సరే, లేకపోయినా ఆమె మధ్యలోనే కూర్చోవాలి. గడ్డం పగిలిన రోజు నుంచి శబరీష్ బండెక్కాలంటే నానమ్మ చెయ్యి పట్టుకోవాలి. ఆమె సన్నటి మనిషి కాదు. రెండు సీట్ల మధ్య ఇరుక్కుని కూర్చునేసరికి, బెల్టులు తగిలించే కొక్కేలు రెండూ ఆమె కిందికి పోయాయి.

ముందు శబరీష్‌ను కూర్చోబెట్టాడు. బెల్టు పట్టుకుని గుంజాడు. జానెడు వచ్చి ఆగిపోయింది. గట్టిగా గుంజాడు. రాలేదు. వదిలేసి మళ్ళీ గుంజాడు. మళ్ళీ ఆగింది. ఎంత గుంజితే అంత మొండికేస్తోంది. మోకాలు సీటుకు ఆనించి, తాడు లాగినట్టు లాగాడు. కారు ఊగింది తప్ప బెల్టు కదల్లేదు.

"మెల్లగ గుంజాలె తాతా. కోపంగ గుంజితే రాదు," అంది భవాని అవతలి సీట్లోంచి.

మెల్లగా గుంజాడు. రాలేదు. అవతలి వైపు పోయి భవానిది గుంజాడు. అదీ రాలేదు. సుజన ఇంటి ముందు నూలుపోగులా వచ్చిన బెల్టులు ఇక్కడ బిగదీసుకుపోయాయి. సీట్లు గాలిలో వేలాడితే బెల్టులకేమవుతుంది, అవి కారులోనే ఉన్నాయి గదా. ప్రస్థానాన్ని వెనక్కి తిప్పితే ఇంతే అని సుబ్బరత్నం గొణిగింది. అతను బెల్టును, దాన్ని చేసినవాణ్ణి, వాడి వంశాన్ని కలిపి ఒక మాట అన్నాడు. లారీల నాటి మాట. కోడి తప్ప అందరూ ఊరుకున్నారు.

అప్పుడు ములకలపల్లి వైపు నుంచి ఇసుక ట్రాక్టరు వచ్చి హారన్ కొట్టింది. దారి ఇవ్వమని డ్రైవరు చెయ్యూపాడు. చెంచురామయ్య పిల్లలిద్దర్నీ దింపి గోడ మీద కూర్చోబెట్టాడు, ఒక్క అడుగు అన్నది గుర్తుంది. కారు అడవి వైపు తిప్పి, కల్వర్టుకు ఇంకాస్త అవతల చదునుగా ఉన్నచోట ఆపాడు. పిల్లల్ని తెచ్చి మళ్ళీ ఎక్కించాడు. విసుగ్గా బెల్టు మీద చెయ్యి వేశాడు. వచ్చేసింది. అలవోకగా, ఆవు పాలు వదిలినట్టు.

వంపులో నిలబెట్టినందుకే ఇంతసేపూ పట్టేసిందని అప్పటికి తెలిసింది. తెలిసిందానికి సంతోషం కలగలేదు. ఇంత రాద్ధాంతం చేసి ఇంత సులువుగా వచ్చినందుకు ఇంకా మండింది.

నడుము బెల్టు తొడల మీదికి దించాడు. భుజం మీది పట్టీ సరిచేశాడు. కొక్కెం కోసం చెయ్యి పెడితే సుబ్బరత్నం చీర, చీర కింద సీటు మీద పరిచిన గుడ్డ, దాని కింద ఇంకేదో. జరుగు అన్నాడు. ఎటు జరగను అంది. లేచి వంగి నిలబడమన్నాడు. ఆమె ముందు సీటు పట్టుకుని లేచింది, తల పైకప్పుకు తగిలింది, మోచెయ్యి శబరీష్ ముక్కుకు తగిలింది. వాడు రాగం అందుకున్నాడు. కొక్కెం దొరికింది. నొక్కాడు.

"టక్ మనలే," అంది భవాని.

"అన్నది."

"గది కోడి."

మళ్ళీ నొక్కాడు. ఆ కొక్కెం మధ్యది, నానమ్మది. అసలుది దాని పక్కన ఉంది. చెమట కళ్ళలోకి కారుతోంది. శబరీష్ వీపు విల్లులా వంచి బెల్టు కిందనుంచి జారిపోవడానికి చూస్తున్నాడు. దిగి నడిచిపోతాడట సారపాక. అప్పుడు చెంచురామయ్యకు ఆ గడ్డం కనపడింది. చినుకంత తెల్లటి గీత, గడ్డం కిందుగా. ఇన్ని రోజులు ఇంట్లో ఆడుతుంటే కనపడలేదు. వంగి ఇంత దగ్గరగా చూస్తే గానీ కనపడదు.

అతను గుంజడం ఆపాడు. పిల్లాడి అరచెయ్యి పట్టుకుని బెల్టు నాలుక వాడి వేళ్ళలో పెట్టి, తన చెయ్యి పైన వేసి, మెల్లగా కొక్కెంలోకి దించాడు.

టక్.

ఈసారి ఎవరూ కాదనలేదు. వాడు ఏడుపు ఆపి ఇంకోసారి చేస్తానన్నాడు. వద్దన్నాడు తాత.

భవాని తనది తనే పెట్టుకుంది, లాగి చూసుకుంది. నానమ్మకు మధ్యలో నడుము బెల్టు ఉందని, అదీ పెట్టమంది. సుబ్బరత్నం ఇన్నేళ్ళొచ్చి తనకెందుకంది. అయినా పెట్టించుకుంది. ఆమె ముగ్గురి కొక్కేల మధ్య బిగుసుకుని కోడిని ఒళ్ళో పెట్టుకుంది. చెంచురామయ్య తన సీట్లో కూర్చుని తాళం తిప్పబోతే వెనకనుంచి, "తాతా, నీది," అని వినపడింది. లారీ తోలిన కాలమంతా అతను బెల్టు పెట్టలేదు. పెట్టాడు.

వర్జ్యానికి ఇంకా కొంచెం టైముంది.

అడవి మలుపు తిరగ్గానే ఆవుల మంద. రోడ్డు నిండా. తోలేవాడు ఎక్కడో వెనక ఉన్నాడు. అతను బ్రేకు తొక్కాడు. అనుకున్నదానికన్నా గట్టిగానే పడింది. ముందు సీట్లో జంతికల డబ్బా ఎగిరి కింద దొర్లింది. కోడి కేకేసింది. అతను అద్దంలోకి చూశాడు.

సుబ్బరత్నం రెండు చేతులూ చాచి ఇద్దరు పిల్లల గుండెల మీద వేసి ఉంది. ఎప్పుడు చాచిందో ఆమెకే తెలియదు. పిల్లలు కదల్లేదు. బెల్టు వాళ్ళను ముందే పట్టేసుకుంది. పిల్లాడు ఆవుల్ని లెక్కపెడుతున్నాడు. ఆమె చేతులు తీయకుండా కాసేపు అలాగే ఉంచింది. తర్వాత ఒక చేత్తో శబరీష్ బెల్టును తడిమింది, భుజం నుంచి కింది దాకా.

పాల్వంచ దాటింది. సారపాక వచ్చింది. వెదురు లోడు లారీలు మిల్లు గేటు ముందు బారు కట్టి ఉన్నాయి. ఎప్పుడూ అక్కడ బండి నెమ్మది చేసి చూసేవాడు. ఇవాళ చూడలేదు.

సుజన డ్యూటీ దిగి వచ్చి ఇంటి ముందే నిలబడి ఉంది. కారు ఆగీ ఆగకముందే వెనక తలుపు తీసింది. ముందు శబరీష్ బెల్టు కింద రెండు వేళ్ళు పెట్టి చూసింది. తర్వాత భవానిది. చెంచురామయ్య స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఫారెస్టు చెక్‌పోస్టులో లోడు తనిఖీ చేస్తుంటే కూర్చున్నట్టు.

భవాని మొత్తం చెప్పింది. నానమ్మ సీట్లు ముందే పంపడం, నడిచి కల్వర్టు దాకా రావడం, తమ్ముడు నడవకపోవడం, బెల్టు రాకపోవడం, తాత బెల్టును తిట్టడం. ఆ తిట్టు కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. సుజన పిల్ల నోరు మూసింది. కానీ ఆ మూసే చెయ్యి నవ్వుకు కొంచెం ఊగింది.

"కల్వర్టు దాక నడిపిచ్చిన్రా?" అని అడిగింది.

"ఒక్క అడుగు అన్నవు గదా," అన్నాడు చెంచురామయ్య.

సుజన పిల్లల్ని దింపింది. మూటలు లోపలికి పోయాయి, జాడీ పోయింది, కోడి తనంతట తనే పోయింది. అన్నాలు తిన్నారు. అనిల్‌కుమార్ షిఫ్టులో ఉన్నాడు, కలవలేదు. పొద్దు వాలకముందే అడవి దాటాలని అత్తామామలు లేచారు. ఒప్పుకున్న ప్రకారం సీట్లు అప్పజెబుదామని చెంచురామయ్య వెనక తలుపు తీసి ఒకదాన్ని బయటికి లాగాడు. ఏదో పోగొట్టుకుంటున్నట్టు ఉంది, కానీ మాట మాటే. దాన్ని చంకన పెట్టుకుని రెండోదాని కోసం వంగాడు.

"అవి ఉండనియ్యుండ్రి మామయ్యా," అంది సుజన గుమ్మంలోంచి.

అతను అర్థం కానట్టు చూశాడు.

"మీ బండిలనే ఉండనియ్యుండ్రి. మాకు ఈడ ఉన్నది బైకే గదా. మల్ల సెలవులకు మల్ల మోసుడెందుకు."

అంతే అంది. లోపలికి తిరిగి పిల్లలకు జంతికలు పెడుతూ ఇంకేదో మాట్లాడుతోంది. చెంచురామయ్య చంకలోని సీటును ఎక్కడిదక్కడ పెట్టాడు.

ముందు సీటు ఇప్పుడు ఖాళీ. అయినా సుబ్బరత్నం వెనక తలుపు తీసుకుని, రెండు ఖాళీ సీట్ల మధ్యకు ఒదిగి ఒదిగి చేరింది. ముందుకు రమ్మన్నాడు. ఇక్కడే బాగుందంది. మిల్లు దాటింది, పాల్వంచ దాటింది, బండి ఊరి దారి పట్టింది.

"మొత్తానికి కోడలు కూడా పస్తానం పెట్టింది," అంది అప్పుడు.

"ఊఁ."

"ఈసారి పిల్లలు వచ్చేటప్పుడు ఘడియ చూడక్కర్లేదింక. అవి ముందే బయల్దేరినట్టే."

గుంతల్లో ఖాళీ సీట్లు రెండూ గడగడా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు అతని నరాల మీద పడుతోంది. చదునైన చోటు చూసి బండి ఆపాడు. దిగి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగాడు. తొందరపడి గుంజాడు, పట్టేసింది. తిట్టబోయి, వదిలేసి, మళ్ళీ మెల్లగా లాగాడు. కొక్కెం సుబ్బరత్నం కిందే ఉంది. అతను చెప్పకముందే ఆమె పక్కకు ఒత్తిగిలింది.

టక్ మంది. అవతలి వైపు పోయి రెండోదానికి కూడా పెట్టాడు. అదీ టక్ మన్నాకే బండి తీశాడు.